మూడో ఏడుకు రాసిన వంతెన

ఆ వంతెన ఏ ఊళ్లో ఉందో రాయను. తెనాలిలో చదువుకున్నాను, బాపట్లలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, మా అక్క కాపురం రేపల్లె. మూడు ఊళ్లలోనూ కాలువలున్నాయి, కాలువల మీద వంతెనలున్నాయి. పేరు రాస్తే మిగతా రెండు ఊళ్లవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. వాళ్లను అంత తేలిగ్గా వదిలిపెట్టడం నాకు ఇష్టం లేదు.

సన్నని వంతెన. ఇనప దూలాల మీద సిమెంటు పలకలు పరిచారు. అటు కాలనీ, ఇటు బడి. మనుషులు, సైకిళ్లు, ఎప్పుడైనా ఒక స్కూటరు. నడిమధ్యకు రాగానే అది మూలుగుతుంది. కొన్నేళ్ల కిందట కాలనీవాళ్లు దానిమీద నడవడం మానేశారు. కాలువలో పడి చచ్చిపోయిన ఆడమనిషెవరో మూలుగుతోందని చెప్పుకున్నారు. పిల్లల్ని పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిప్పి బడికి పంపేవారు.

ఇలాంటి మాట చెవిన పడితే నేను ఊరుకునే రకం కాదు. కాలేజీ రోజుల నుంచి వేదికలెక్కి వాదించినవాణ్ని. చేతబడి అన్నవాణ్నీ, వాస్తు అన్నవాణ్నీ ఆధారం చూపించమని నిలదీసినవాణ్ని. ఒక అమావాస్య మిట్టమధ్యాహ్నం ముప్ఫైమందిని పోగుచేసి ఆ వంతెన మీద వరసగా కూర్చోబెట్టి పులిహోర పెట్టించాను. మేం తింటుండగానే మూలుగు వినిపించింది. "ఇనుము ఎండకు సాగుతుంది. సాగితే చప్పుడవుతుంది. అంతే!" అన్నాను. బడిపిల్లలు చివర నిలబడి బిత్తరచూపులు చూస్తుంటే, "మధ్యలోకి రండర్రా, గెంతండి!" అన్నాను. వచ్చారు. గెంతారు. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి కాలనీ అంతా ఆ దారినే నడిచింది.

కిందికి దిగి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందు మునిసిపాలిటీవాళ్లు అయిదేళ్ల పనుల జాబితా తయారుచేస్తూ వార్డుల నుంచి కొందరిని పిలిచారు. నేనూ వెళ్లాను. ఏ రోడ్డు, ఏ డ్రెయిను, ఏ వాటర్ ట్యాంకు ఏ ఏడు బాగుచేయాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని ముందే రాసుకోవడం. మంచి పద్ధతే. ఎమ్మెల్యే చూపు పడిన వీధికే సిమెంటు పడే రోజులు పోవాలని నేనే ఎన్ని వ్యాసాలు రాశానో! ఉత్సాహంగా కాగితాలు తిరగేశాను. మొదటి ఏడు ఊరి మొగదల స్వాగత ద్వారం, పార్కు, పార్కు చుట్టూ నడిచే బాట. రెండో ఏడు మార్కెట్ షెడ్లు. మూడో ఏడు పేజీలో మా వంతెన కనిపించింది. ఎదురుగా చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: దూలాలు బలహీనం, తొలగించి కొత్తది నిర్మించవలెను.

ఆ వాక్యం చదవగానే నాకు పులిహోర వాసన వచ్చింది. ముప్ఫైమంది. గెంతుతున్న పిల్లలు.

లేచి అడిగాను. జవాబు చెప్పింది కుర్ర ఇంజనీరు, మర్యాదస్తుడు.

"బలహీనమని మీరే రాశారు. మరి మూడో ఏడు ఏంటండి?"

"పార్కు నిధి పార్కుకేనండి. మీరడిగినా నేనడిగినా వంతెనకి మారదు. పైగా కాలువ మనది కాదు, వేరే శాఖది. వాళ్ల అనుమతి రావాలి, అంచనా వెయ్యాలి, పైకి పంపాలి."

"ఈలోగా వంతెన ఆగుతుందా?"

"ఆగుతుందనే అనుకుంటున్నామండి."

"అనుకోవడానికి ఆధారం?"

"ఇప్పటిదాకా ఆగిందిగండి."

నా జీవితంలో ఎన్ని వందలసార్లు విన్నానో ఈ వాదన! తాయెత్తు కట్టుకున్నవాడు చెప్పేది ఇదే: ఇప్పటిదాకా నాకేం కాలేదుగా. ఆ సభలో నేను అరిచినంత గట్టిగా ఎక్కడా అరవలేదు. చివరికి మూడో ఏడు కొట్టేసి రెండో ఏడు అని రాశారు, పక్కన 'అనుమతికి లోబడి' అని చేర్చారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇలాంటి చప్పట్లే ఆ రోజు వంతెన మీదా కొట్టాం, ఈసారి నేను కొట్టలేదు.

వేసవికి కాలువ కట్టేసి నీళ్లు ఇంకిపోయాక ఆ ఇంజనీరును బతిమాలి వంతెన కిందికి తీసుకెళ్లాను. అడుగున అంతా బురద ఎండి పగుళ్లిచ్చింది. తలెత్తి చూశాను. దూలం అంచు గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది. బడివైపు చివర, వంతెనను మోసే గోడ మీద దూలం ఆనాల్సిన చోట ఆనలేదు. సందులో నా అరచెయ్యి దూరింది. సరిగ్గా అప్పుడే పైన ఎవరో సైకిల్ మీద వెళ్లారు. దూలం నా వేళ్ల మీదకు దిగి, మళ్లీ పైకి లేచింది. మూలిగింది. చెయ్యి లాక్కున్నాను. ఇంజనీరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మూసెయ్యండి బాబూ, ఇవాళే," అన్నాను.

"నా చేతిలో లేదండి. మూసేస్తే జనం కౌన్సిలర్ గారి ఇంటి మీద పడతారు. బోర్డు పెట్టిస్తాను."

పెట్టించాడు. ఆ బోర్డుకు కాలనీవాళ్లు తువ్వాళ్లు ఆరేసుకున్నారు. కంచె కట్టించమని కమిషనర్ కి అర్జీ ఇచ్చాను, పరిశీలిస్తామన్నారు. నేనే తుమ్మకంప తెచ్చి అడ్డం వేశాను. మధ్యాహ్నానికి ఎవరో పక్కకు లాగేశారు. బడులు తెరిచే రోజు దగ్గరపడుతున్న కొద్దీ నాకు అన్నం సయించలేదు. క్యాలెండరు వైపు చూడటం మానేశాను.

వంతెన మొదట్లో ఇడ్లీల బండి పెట్టుకున్న ముసలామె ఉంది. ఆమె మనవరాలిది కూడా అదే బడి. ఒకప్పుడు ఆ దెయ్యం కథ అందరికంటే ఎక్కువగా చెప్పింది ఆమే. వెళ్లి కింద చూసిందంతా చెప్పాను. చట్నీ గరిట గిన్నెలో పెట్టి నావైపు తిరిగింది.

"అది మూలిగినప్పుడల్లా నా గుండె జారేది మేష్టారూ. దెయ్యమో దూలమో నాకేం తెలుసు? భయమేసింది, నడవొద్దన్నాను. మీరొచ్చి గెంతమన్నారు."

"తప్పు నాదేనమ్మా."

"అప్పుడు దూలం బాలేదంటే మీరొచ్చేవారా? దెయ్యం అన్నాం కాబట్టి మైకు పట్టుకుని వచ్చారు."



బడి తెరిచిన రోజు పొద్దున్నే వంతెనకు అడ్డంగా నిలబడ్డాను. పెద్దవాళ్లు నవ్వుతూ పక్కనుంచి తప్పుకుని పోయారు. "ఏంటి మేష్టారూ, మీక్కూడా పట్టిందా ఆవిడ?" అన్నాడొకడు. ఒక తల్లి మాత్రం నవ్వలేదు. "చుట్టూ పంపిస్తే పెద్ద రోడ్డు మీద లారీలండి. దెయ్యం లేదని మీరే చెప్పారు. లారీలు కూడా లేవంటారా?" అంది. ఆమె వెనకున్న పిల్ల బుద్ధిగా చేతులు కట్టుకుని, "ఇనుము ఎండకు సాగుతుందండి, భయపడకూడదండి," అంది. నేను నేర్పిన పాఠమే, ఒక్క మాట పొల్లుపోలేదు.

కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు. అంతకంటే మరో దారి తోచక, ఆ పిల్లనీ, వెనకాల వచ్చిన పిల్లల్నీ గట్టు దింపి ఎండిన కాలువలోకి తీసుకెళ్లాను. వంతెన కిందికి రానివ్వలేదు, దూరం నుంచే చూపించాను. "నేను ఆ రోజు ఇది చూడకుండానే మీకు చెప్పాను. చూడకుండా చెప్పినదేదీ సైన్సు కాదు. నేను చెప్పినా సరే," అన్నాను. పైన ఎవరో నడిచారు. దూలం దిగింది, లేచింది. తుప్పు పొడి ఆ పిల్లల ఎదురుగా రాలింది. ఒక్కొక్కరే గట్టెక్కి పెద్ద రోడ్డువైపు నడిచారు. వాళ్లు కనుమరుగయ్యేదాకా లారీల హారన్లు వింటూ నిలబడ్డాను.

మర్నాడు వెళ్లేసరికి వంతెన మొదట్లో గుమ్మడికాయ పగిలి ఉంది. రెండు పక్కల చేతులానించే కమ్మీలకూ నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండలు కట్టి ఉన్నాయి. సిమెంటు మీద కుంకం. వంతెన మీద ఒక్క మనిషి లేడు. పిల్లలే కాదు, నిన్న నన్ను చూసి నవ్వినవాళ్లు కూడా చుట్టూ తిరిగి పోతున్నారు.

ఇడ్లీలామె తలొంచుకుని రేకులు కడుగుతోంది. ప్రతి ఆదివారం లూథరన్ గుడికి వెళ్లే మనిషి.

"నువ్వేనా?" అన్నాను.

"మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండేం. మీరు కూడా చూడనట్టే వెళ్లిపోండి," అంది.

వెళ్లిపోయాను. అలాంటి దండలు ఎన్ని తెంచి కాలువలో పారేశానో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

వారం తర్వాత నీళ్లు వదిలారు. ఇప్పుడు కింద చూపించడానికి దారి లేదు. అనుమతి కాగితం ఏ బల్ల మీద ఉందో ఇంజనీరుకు కూడా తెలియదు. స్వాగత ద్వారానికి గోతులు తవ్వుతున్నారు. పిల్లలు పెద్ద రోడ్డు అంచున లారీల పక్కనే నడుస్తున్నారు. ఆ భయం ఇంకొకటి.

వాళ్లను ఆపింది నేను చూపించిన తుప్పా, ఆమె కట్టిన నిమ్మకాయలా? తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఏ కారణం వల్ల ఏది జరిగిందో తేల్చాలంటే రెండింటిలో ఒకటి తీసేసి చూడాలని ముప్ఫై ఏళ్లు తరగతిలో చెప్పాను. రోజూ పొద్దున్నే ఆ కమ్మీల దాకా వెళ్తున్నాను. నిమ్మకాయలు ఎండి నల్లబడ్డాయి. చెయ్యి చాస్తే అందుతాయి. చాచడం లేదు.