ఘాటేలే

మాఘంలో ఆ ఊరి గాలికి కారం అంటుకుని ఉంటుంది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటే దారినపోయేవాళ్ళూ తుమ్ముతారు. కోటిరత్నం చిన్నప్పటి నుంచి ఆ కల్లాల్లోనే కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరింది. పని అయ్యాక చేతులు మజ్జిగలో ముంచుకునేది. మంట గురించి ఎవరితోనూ అనేది కాదు. అక్కడ అందరికీ మంటే.

కూతురు మాధురిని పొదిలి వైపు ఇచ్చారు. తొలి కాన్పుకి వచ్చిన పిల్ల ఇంట్లో ఒక్కతే ఉండలేక తల్లి వెంట కల్లానికి వచ్చి పందిరి కింద కూర్చునేది. ఒకరోజు తల నొప్పిగా ఉందంది. కళ్ళు మసకగా ఉన్నాయంది. తల్లి చెయ్యి ఆపి చూస్తే తనే నవ్వింది.

"ఘాటేలే అమ్మా."

మర్నాడు ఫిట్స్ వచ్చాయి. గుంటూరు దారిలో, వ్యానులోనే, కడుపులో బిడ్డతో సహా పోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. భర్త భావనారాయణ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇరుగుపొరుగు ఆమెను చూడగానే మాటను వానల మీదికో, మిర్చి ధర మీదికో తిప్పేవారు. జాలితోనే. ఎవరైనా అడిగితే బాగుండునని కోటిరత్నానికి ఉండేది.

నెల తిరక్కముందే నర్సు లక్ష్మీదుర్గ ఒక డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. కాన్పు వేళ ఎవరు పోయినా, ఎలా పోయారో ఇంటికొచ్చి తెలుసుకోవడం అప్పుడే మొదలైంది. తప్పు ఎవరిదో తేల్చడానికి రాలేదని, ఇంకొకరు అలా పోకూడదని వచ్చామని డాక్టరమ్మ చెప్పింది. ఆఖరి రోజులు చెప్పమంది. కోటిరత్నం మాధురి పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టింది. పళ్ళు ఆలస్యంగా వచ్చాయంది. ఉరుమంటే భయమంది. వాళ్ళు ఆపలేదు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

'ఘాటేలే' దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ తలెత్తింది.

"కాళ్ళు వాచాయా అమ్మా?"

"వాచాయండి. అంతసేపు కూర్చుంటే ఎవరికైనా వాస్తాయి కదండీ."

అది ఘాటు కాదని, బీపీ అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మిరప పని నడిచే రోజుల్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఆసుపత్రికి రారు కనుక నర్సే కల్లాలకు వెళ్ళాలని వాళ్ళు అక్కడే అనుకున్నారు. వెళ్తుంటే కోటిరత్నం వాకిలి దాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది. ఇక అడగాల్సింది లేదని చెప్పలేక లక్ష్మీదుర్గ ఆమె చెయ్యి పట్టుకుంది.

మరుసటి ఏడు లక్ష్మీదుర్గ బీపీ మిషనుతో కల్లాలు తిరిగింది. వచ్చినప్పుడల్లా కోటిరత్నం దగ్గరగా జరిగేది. నర్సు పలకరించి, పనిలో పడేది. మాధురి మాట రాలేదు.

ఆ రోజు పక్కన తాలుకాయలు ఏరుతున్న జానీబీ, నెలలు నిండినది, కళ్ళు మూసుకుని ఆగింది. ఏమైందని అడిగింది కోటిరత్నం.

"ఘాటేలే పెద్దమ్మా."

కోటిరత్నం చేతిలో కాయ జారిపోయింది.

"ఇంకోసారి అనమ్మా."

"ఘాటేలే అంటున్నా. చెవుడొచ్చిందా ఏంది నీకు?"

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. కోటిరత్నం కళ్ళు తుడుచుకుంది. కల్లంలో కళ్ళనీళ్ళను ఎవరూ పట్టించుకోరు. జానీబీని రెక్క పట్టి లేపి, కల్లం చివర ఉన్న నర్సు దగ్గరికి నడిపించుకుపోయింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. 108 వచ్చి తీసుకెళ్ళింది. కోటిరత్నం ఆమె వదిలిన కుప్పను తన ముందుకు లాక్కుంది.

పొద్దు వాలే వేళకు కబురొచ్చింది. ఫిట్స్ రాకముందే మందు పడింది, ప్రమాదం లేదు.

కోటిరత్నం ఇంటికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్న భర్త పక్కన కూర్చుంది.

"ఇవాళ మాధురి మాట విన్నానయ్యా."

భావనారాయణ ఇటు తిరిగాడు.

"ఏమంది?"