దోసిలి పట్టిన చెయ్యి

మనిషి ముంజేతిల రెండు బొక్కలుంటయి. వాటిని రత్ని, అరత్ని అంటరని యాభై దాటి అక్షరాలు నేర్చినంక మనుమరాలి పుస్తకంల చదివిన. కానీ అవి చేసే పని నాకు పదహారేండ్లకే తెలిసింది. పుస్తకం చూసి కాదు, చెయ్యి విరిగి.

మాది జనగామ దిక్కు ఊరు. దొరల మీద సంగం కొట్లాడిన రోజులు. దొర గుంజుకున్న మా చెలక భూమిని సంగపోళ్ళు మళ్ళ మాకు ఇప్పిచ్చిన్రు. హద్దురాళ్ళు పాతేకాడ దొర మనిషి ఒకడు కట్టె లేపిండు. తలకు కుడిచెయ్యి అడ్డం పెట్టిన. తల దక్కింది, ముంజెయ్యి విరిగింది.

అప్పుడు మా ఊరికి దవాఖాన అంటే గొర్లకాపరి తాతనే. ఎన్ని మేకల కాళ్ళు అతికిచ్చిండో ఆయనకే తెల్వదు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టిచ్చి, అరచెయ్యి నేలదిక్కు చేసి బిగ్గ కట్టిండు.

"నొస్తాంది తాతా" అన్న.

"మేక గూడ గిట్లనే అరుస్తది" అన్నడు.

ఉగాదికి కట్టు విప్పిండు. బొక్క మంచిగనే అతికింది. మోచెయ్యి ముడుసుకుంటది, వేళ్ళు ఆడుతయి. అరచెయ్యి మాత్రం పైకి తిరుగది. బోర్లేసిన చిప్ప తీరు అట్లనే ఉన్నది.

అన్నమంటే నన్ను కన్న అవ్వ కలిపి పెడుతది. నా బాధ అది కాదు. మా దిక్కు మృగశిర కార్తెల మిరుగు వాన పడ్డంక తొలి ఇత్తనం ఇంటి ఆడిబిడ్డ దోసిట్ల పోస్తరు. అండ్లకెల్లే నాగలి సాల్ల పడాలె. ఇంట్ల ఆడిబిడ్డను నేనొక్కదాన్నే. చెలక పోయిన దిగులుతోనే బాపు సచ్చిపోయిండు. అది మళ్ళ వచ్చిన ఏడాదే నాకు దోసిలి పట్టరాదు.

పక్కింటి పెద్దమ్మ వచ్చి, "మా పిల్లను తోలిస్త, ఇత్తనం అది పడుతది" అన్నది.

"మా బాపు చెలకకు మీ పిల్ల దోసిలెందుకు పెద్దమ్మా" అన్న. మూతి ముడుసుకొని పోయింది.

సంగం దళమోళ్ళ పుండ్లు కట్టే అన్న ఒకాయన కొత్తగూడ అడివి దిక్కుకెల్లి అప్పుడప్పుడు వస్తుండె. పట్నం దవాఖానల పనిచేసి విడిచిపెట్టినోడు. అవ్వ నన్ను ఆయన ముంగట కూసోబెట్టింది. తాత గూడ వచ్చి నిలబడ్డడు, తన కట్టుకు వంక పెడుతరేమోనని.

అన్న తుమ్మముల్లు తీసుకొని బొటనవేలి వెనుక, చూపుడువేలి కొసకు, చిటికెనవేలికి గుచ్చిండు. మూడుసార్లూ చెయ్యి గుంజుకున్న. మోచేతి లోపలి గాడిల వేలితోని కొట్టిండు. చిటికెనవేలిదాక జివ్వుమన్నది.

"నరాలు మూడూ బతికే ఉన్నయి" అని తాత దిక్కు తిరిగిండు. "తాతా, మేక ముందుకాల్ల మోచేతి కింద ఎన్ని బొక్కలు?"

"రెండు కలిసిపోయి ఒక్కటే."

"మరి మనిషికి?"

"మనిషిని నేనెన్నడు కోయలే బిడ్డా."

అందరం నవ్వినం. అన్న రెండు జొన్నదంట్లు పక్కపక్కన పట్టిండు. "చిటికెనవేలి దిక్కుది గుంజ లెక్క నిలబడుతది. బొటనవేలి దిక్కుది దాని మీదికెళ్ళి దొర్లుతది. అది దొర్లితెనే అరచెయ్యి తిరుగుతది. నువ్వు రెండిటినీ కలిపి బిగ్గ కడితివి, నడుమ పొర పట్టేసింది."

తాత తలకాయ దించుకున్నడు. "మేకకు చెయ్యి చాపే పని లేకపాయె" అన్నడు మెల్లగ.

అన్న నాతోని సంకటి తెడ్డు పట్టిచ్చిండు. మోచెయ్యి డొక్కకు ఆనిచ్చి, తెడ్డు నిలబెట్టి, బయటిదిక్కు వాల్చాలె. బరువే చేతిని తిప్పుతదన్నడు. ఎడమచెయ్యి కుడి దండకండ మీద పెట్టుమన్నడు. చెయ్యి తిప్పబోతే ఆ కండ ఉబ్బింది. అది బరువులు ఎత్తేటందుకే అనుకున్న ఇన్నాళ్ళు. అరచెయ్యిని పైకి తిప్పేది గూడ అదేనట.

అన్న పోయిండు. తాత మాత్రం రోజూ పొద్దుగాల ఆముదం ఎచ్చజేసుకొని వచ్చిండు. మొదట తెడ్డు నిలబడనే లేదు. పదిహేను రోజులకు నిలబడ్డది. ఆ తర్వాత జరంత జరంత వాలింది. ఏడిస్తే తాత ఊకోబెట్టలే. "మేకకన్న మొండిదానివి, ఇంకింత వాల్చు" అన్నడు.

మిరుగు పడ్డది. చెలకల నాగలి ఆగింది. ఊరంత గట్టు మీద నిలబడ్డది, పెద్దమ్మ గూడ. ఒకప్పుడు దొర గడి ముంగట ఎవరో పైనుంచి పోసే నీళ్ళకు మా అవ్వ, బాపు వంగి దోసిలి పట్టిన్రు. నేను నడుం నిలబెట్టి పట్టిన. కుడి అరచెయ్యి ఇంకా జర వాలుగనే ఉన్నది. ఎడమచేతిని దాని కిందికి జరిపిన. అవ్వ జొన్నలు పోసింది.

నాలుగు గింజలు జారినయి. కడమయన్నీ నిలిచినయి.

సాలు పొడుగునా ఇత్తనాలు ఇడుసుకుంట పోయి, కొసకు పోయినంకనే వెనుకకు తిరిగి చూసిన. తాత వంగి, జారిపడ్డ నాలుగు గింజలను ఏరి సాల్ల ఏస్తున్నడు. ఆ తర్వాత ఆయన మేకల కాళ్ళు బిగ్గనే కట్టిండు. మనుషుల చేతులు మాత్రం అరచెయ్యి ఆకాశం దిక్కు పెట్టి కట్టిండు.