అంబాసిడర్‌లో మిగిలిన చోటు

నిన్న వనపర్తిలో ఒక మెకానిక్ షెడ్డు ముందు పాత అంబాసిడర్, దాని పక్కనే పాత మారుతి కారు కనిపించాయి. అంబాసిడర్ ముందు మారుతి మరీ చిన్నగా ఉంది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మానాన్నలు కూలిపనికి పుణె పోతూ నన్ను పాన్‌గల్‌లో అవ్వ దగ్గర వదిలారు. పనికి తీసుకుపోయే మేస్త్రీ తెచ్చిన మారుతిలో ఆరుగురు ఇరుక్కుని కూర్చున్నారు.

"చిన్న కారు బిడ్డా, జాగ లేదు," అంది అమ్మ.

నేను నమ్మాను. ఏడాదంతా రోడ్డు మీద అంబాసిడర్ కనబడితే చాలు, లోపల ఎంతమంది పడతారో చూసేదాన్ని.

మరుసటేడు అమ్మానాన్నలు ఇంటికొచ్చి మళ్లీ పోయేటప్పుడు మేస్త్రీ అంబాసిడర్‌లోనే వచ్చాడు. బట్టల సంచితో అందరికంటే ముందే ఎక్కి కూర్చున్నాను. ఎండకు సీటు తొడలకు చురుక్కుమంది. అమ్మ నన్ను ఎత్తి దింపింది.

"జాగ ఉంది గదనే అమ్మా!"

"బడికి పోవాలె గద బిడ్డా," అంటూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

పుణెలో వాళ్లది రేకుల గుడిసె అనీ, దగ్గర్లో బడే లేదనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం అమ్మ కారెక్కి, నేను కూర్చున్న చోట చెయ్యి ఆనించి, కారు మలుపు తిరిగేదాకా ఇటు చూడలేదు. నా మీద కోపమనుకుని, ఆమె తిరిగొచ్చేదాకా భయపడుతూనే ఉన్నాను.