అడవి మనిషికి అడవి చూపించబోయి

మా మామకు దొరికిన విదేశీ బేరాన్ని ఒక్క పూటలో ఎంత శాస్త్రీయంగా ముంచబోయానో చెబుతాను. మీరు నవ్వుకోండి. మామ మాత్రం ఆ రోజు నవ్వలేదు.

మామ ఆళ్లగడ్డలో శిల్పి. జర్మనీ నుంచి ఒక పళ్ళ డాక్టరు, తన క్లినిక్ ముందు పెట్టుకోవడానికి రాతి బుద్ధుణ్ణి చెక్కించుకుందామని వస్తున్నాడు. నంద్యాలలో ఇంజనీరింగ్ ముగించి ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంటున్న మేధావిని నేనే కాబట్టి, ఆయన్ని నంద్యాల స్టేషన్ నుంచి తెచ్చే బాధ్యత నాది.

"సక్కగా ఈడికే పిల్చుకోనిరా. సాయంత్రం బండికి పోతాడంట," అన్నాడు మామ.

సక్కగా పోవడానికైతే నా చదువెందుకు? పరిశోధన చేశాను. అతిథి ఇంటిపేరు వాల్డ్‌మన్. వాల్డ్ అంటే అడవి. ఊరు బుఖ్‌హోల్ట్స్. అదీ ఒక జాతి చెట్ల అడవే. రెండు ఆధారాలూ కలిశాయి. పాపం, ఈయన అడవి కోసం అల్లాడిపోతున్నాడు! కారును ఆళ్లగడ్డలో ఆపకుండా అహోబిలం దాకా తోలించి, ఆయన్ని నల్లమల కాలిబాట ఎక్కించాను.

ఆయన తుమ్మాడు. ఆనందమనుకున్నాను. ఇంకా గట్టిగా తుమ్మాడు. పరమానందమనుకున్నాను.

"శిల్పి ఇక్కడుంటాడా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"లేదు సార్. తమరు అడవి వంశం కదా, అందుకని..."

"నేను ఐదో అంతస్తు మనిషిని. పుప్పొడి నాకు పడదు. ఇంతకీ మీ ఇంటిపేరేమిటి?"

"పాములపాటి సార్. మా పెద్దలది పాములపాడు. అంటే పాముల ఊరు."

సరిగ్గా అప్పుడే ఓ జెర్రిపోతు దారికి అడ్డంగా వచ్చింది. ఆయన మర్యాదగా పక్కకు జరిగాడు.

"మీవాళ్ళొచ్చారు. మాట్లాడండి."

నేనప్పటికే వెనక్కి పరుగెత్తి కారెక్కి ఉన్నాను. ఫోన్ మోగింది.

"యాడుండావురా?"

"అడవిలో మామా. ఈయన తుమ్ముతాండాడు, పూలు పడవంట."

"ఆయప్పకు బుద్ధుడు గావాల్నా, కోతులు గావాల్నా? బేగా రా!"

ఆళ్లగడ్డ చేరేసరికి డాక్టరు కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. "స్టేషన్‌కే పోనివ్వండి," అన్నాడు. మామ కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు సార్. ఈడ అన్నీ రాళ్ళే. రాళ్ళు పూలు పూయవు."

సొంత తెలివి కలపకుండా నేను అనువదించిన మొదటి వాక్యం అదే. ఆయన దిగాడు. ఉలి చప్పుళ్ళ మధ్య తుమ్ములు ఆగాయి, బేరం కుదిరింది. ఒక్కటే మార్పు: బుద్ధుడి తలపై పాముపడగ కూడా కావాలట, నా ఇంటిపేరుకు గుర్తుగా.

"ఆ పడగకు పాలిష్ నువ్వే పట్టల్ల," అన్నాడు మామ.

భుజాలు పడిపోయేదాకా రుద్ది, ముక్కులో దూరిన రాతిపొడి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట మనిషి ఎదురుగా ఉండగా నిఘంటువు తెరవను. ఏం కావాలో ఆ మనిషినే అడుగుతాను. అదీ తుమ్మకముందే.