మొక్కుకు ముందు తీసిన ఫొటో

పోయిన నెల తిరుమలలో, తలనీలాలిచ్చే చోట బయట నిల్చుంటే, ఒక అమ్మాయి వాళ్లమ్మ జడను సెల్‌ఫోన్‌లో పదిసార్లు ఫొటో తీసి, నచ్చనివన్నీ అక్కడికక్కడే చెరిపేయడం చూశాను. నవ్వొచ్చింది, కాస్త అసూయ కూడా కలిగింది. నా ఈడు వాళ్లకు ఆ అసూయ ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు. మన రోజుల్లో మీట నొక్కాక మిగిలేది దేవుడి మీద భారమే.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో చంద్రగిరిలో మా మేనమామ స్టూడియోలో పని నేర్చుకున్నాను. మామకు మాటలు తక్కువ, కోపం అంతకన్నా తక్కువ. కెమెరా కన్ను ఎంత తెరవాలి, ఎంతసేపు తెరవాలి, లోపలి ఫిలిం ఎంత వెలుతురు అడుగుతుంది అన్న లెక్కలన్నీ ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పొయ్యిరాళ్లు మూడే గదా పాపా, ఒకటి కుంగితే తక్కినవి సర్దల్ల, లేకుంటే కుండ నిలబడదు."

ఆయనకు విషజ్వరం వచ్చినప్పుడు అవ్వ, అంటే ఆయన తల్లి, మోకాళ్లు దాటే తన జుట్టంతా కొండకు మొక్కుకుంది. జ్వరం తగ్గాక, తన కోసం పోతున్న ఆ జుట్టును ఒక్క ఫొటోలోనైనా దాచుకోవాలని మామకు ఎంత ఆశో. కొడుకైనా సరే, మగవాడి ముందు జుట్టు విరబోసుకోనని అవ్వ మొండికేయడంతో కెమెరా నా చేతికొచ్చింది.

కొండ మీద సత్రం గదిలో, పొద్దున్నే, కిటికీ పక్కన అవ్వను వీపు ఇటు తిప్పి కూర్చోబెట్టి, వెలుతురు కొలిచే ముల్లు చెప్పినట్టల్లా సర్దుకుంటూ, ఊపిరి బిగబట్టి నాలుగు ఫొటోలు తీశాను. ఆ తర్వాత గంటలో అవ్వ మొక్కు తీరిపోయింది. దిగేటప్పుడు బస్సులో సంచి సర్దుతుంటే ఖాళీ ఫిలిం డబ్బా చేతికి తగిలింది. దాని మీద ఫిలిం అడిగే వెలుతురు లెక్క వంద అని ఉంది. కెమెరా మీద ఆ లెక్క పెట్టే చక్రం మాత్రం, నాలుగో వంతు వెలుతురు చాలే పాత ఫిలింకు పెట్టిన నాలుగు వందల దగ్గరే ఉంది. ముందు రోజు కొత్త ఫిలిం వేసిన నేనే దాన్ని తిప్పడం మరిచాను. అంటే పడాల్సిన వెలుతురులో పావు వంతే పడింది. పక్కన అవ్వ గుండుకు చందనం పూసుకుని హాయిగా కునుకు తీస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు.

స్టూడియోకు రాగానే మామకు చెప్పేశాను. ఆయన "ఆడ తగ్గింది గదా, ఈడ పెంచుదాం, ఏడవొద్దు" అని ఫిలిం అందుకున్నాడు. చీకటి గదిలో దాన్ని ఫిలిం కడిగే మందునీళ్లలో మామూలుగా ఉంచేదానికి రెండింతలసేపు ఉంచి, గడియారం మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు.

ఫొటో వచ్చింది. రవ్వ చల్లినట్టు గరుకుగా ఉంది, గది మూలలు నల్లగా మునిగిపోయాయి, అయినా జుట్టు మాత్రం ఏ పాయకాపాయ, నెరిసిన వెంట్రుకలతో సహా తేటగా వచ్చింది. ఆ పనితనానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అవ్వ దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని ఎంతసేపు చూసిందో. "ఇంత ఉండెనా నా జుట్టు? వీపు మీద ఉండేది నాకు యాడ కనపడ్తాది?" అని, కొడుకు తల నిమిరి, "పోతే పోనీలే, నువ్వుండావు గదా నాయనా" అంది. మామ "పాప తీసిందిమా, బాగా తీసింది" అన్నాడు. నేను పాడుచేసిన సంగతి, తను బాగుచేసిన సంగతి ఎత్తనే లేదు.

అవ్వ పోయేదాకా వచ్చిన వాళ్లందరికీ అది మనవరాలు తీసిన ఫొటో అనే చూపించింది. ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు ఎప్పటికీ రాలేదు. ఇప్పుడు ఎవరి చేతిలోనూ ఫొటో పాడవదు, సంతోషమే. కానీ మనం పాడుచేసినదాన్ని నోరెత్తకుండా బాగుచేసి, పేరు మనకే ఇచ్చే మామలు కూడా ఆ చీకటి గదులతోనే వెళ్లిపోయారేమో అనిపిస్తుంది.