యొర్దాను నీళ్ల సీసా

పోయిన వారం తమ్ముడి కూతురు ఇచ్చోడ నుంచి ఫోన్ చేసింది. "పెద్దబాపూ, వందనాలు. అచ్చే ఆదివారం బిడ్డకు బాప్తిస్మం. నీ తాన యొర్దాను నీళ్లున్నయి గద, జరన్ని తెస్తవా? బాపుకు చెప్పలే, నేనే అడుగుతున్న." తెస్తానన్నాను. ఫోన్ పెట్టేసి బీరువా తెరిచి, పాత పాస్‌పోర్టుల వెనక దాచిన ప్లాస్టిక్ సీసాను తీసి మంచం మీద పెట్టాను. అందులో ఉన్నవి యొర్దాను నీళ్లు కావు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ని.

మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పొద్దంతా భూమి లోపల ఉండేవాడికి పైన భూమి ఎంత ఉందో చూడాలని ఉంటుంది. సెలవు దొరికితే చాలు, తమ్ముణ్ని వెంటేసుకుని ఏదో ఒక దేశం పోయేవాణ్ని. అతను ఇచ్చోడలో బడిపంతులు, నెమ్మదస్తుడు. చూసిన దేశాలను జనం గుళ్లతో, సముద్రాలతో గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఎక్కడ ఎవరిని కొట్టానో దాన్నిబట్టే గుర్తు. ఖాట్మండులో సంచీ జారవిడిచాడని కూలీని తోశాను, మెట్ల మీద పడి అతని గడ్డం చిట్లింది. కొలంబోలో దారి తప్పించిన ఆటోవాడి చొక్కా చింపి, ముక్కు మీద గుద్దాను. బ్యాంకాక్ హోటల్‌లో గది ఆలస్యమైందని బల్ల మీది అద్దం పగలగొట్టాను, గాజుపెంకు నా అరచేతిలోనే దిగింది. ప్రతిచోటా తమ్ముడు నా వెనక చేతులు జోడించుకుని నిలబడేవాడు. ఏ దేశం పోయినా అతను ముందు నేర్చుకునే మాట 'క్షమించండి'. నేను మాత్రం ఎక్కడా నేర్చుకోలేదు. మా బాపు బెల్టుతో కొట్టేవాడు నిజమే గానీ, అదే బెల్టు దెబ్బలు తమ్ముడూ తిన్నాడు. కాబట్టి ఆ సాకు నాకు చెల్లదు.

పదహారేళ్ల కిందట మా మెథడిస్టు సంఘం వాళ్లతో కలిసి యెరూషలేము పోయాం. అప్పటికి మమ్మల్ని కన్న అవ్వ మంచాన పడి ఉంది. "ఒక్క సీసెడు యొర్దాను నీళ్లు తేండ్రి కొడుకా, కండ్లకద్దుకోని పోత" అంది. నదిలో తెల్ల అంగీలతో మునిగి, అవ్వ సీసా నింపుకుని బస్సెక్కాం. వేడికి నాకు నిద్ర పట్టింది. మెలకువ వచ్చేసరికి సీసా ఖాళీగా ఉంది. మాతో వచ్చిన ఒక ముసలామె ఎండదెబ్బకు సొమ్మసిల్లితే, బస్సులో మంచినీళ్లు అయిపోయి, తమ్ముడు ఆ నీళ్లే ఆమె ముఖాన చల్లి, గొంతులో పోశాడట.

"అవ్వ నీళ్లు ఏవిరా?"

"ఆమె పాణం పోతుండెనన్నా. అవ్వ ఉంటె గిట్లనే పొయ్యమంటుండె."

ఆ మాట నిజం. అందుకే ఒళ్లు మండింది. మొదటి దెబ్బకు అతని కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. రెండోది అరచేత్తో ఎడమ చెవి మీద కొట్టాను. మూడోది పిడికిలితో మూతి మీద. పాస్టరు, ఇంకో ఇద్దరు నన్ను సీటుకు అదిమిపెట్టే దాకా ఆగలేదు. చెవిలోంచి రక్తం సన్నటి తీగలా దిగి తెల్ల అంగీ మీద పడింది. నదిలోంచి లేచి తలలు తుడుచుకున్న తువ్వాలతోనే దాన్నీ తుడిచారు. నా జుట్టు ఇంకా తడి ఆరలేదు.

తెల్లారితే తిరుగు ప్రయాణం. హోటల్ స్నానాల గదిలో నల్లా తిప్పి ఆ సీసా నింపాను. తోటివాళ్లు తమ సీసాల్లోంచి తలా కాస్త పోశారని తమ్ముడితో చెప్పాను. ఇంటికొచ్చాక చెంచాతో అవ్వ నోట్లో పోస్తే కళ్లు మూసుకుని మింగింది, కళ్లకద్దుకుంది, "ఇగ సాలు కొడుకా" అంది. తర్వాత తమ్ముడి వైపు చూసి "చెవుల దూదేందిరా?" అని అడిగింది. "ఇమానంల గాలి కొట్టిందవ్వా" అన్నాడతను. ఆ నెలలోనే అవ్వ పోయింది. తమ్ముడి ఎడమ చెవి మళ్లీ వినలేదు. మేమిద్దరం కలిసి మరో దేశం పోలేదు. కలిసినప్పుడల్లా నవ్వుతూ అనేవాడు: "నీ మాటలు సగమే ఇనపడ్తయన్నా, గందుకే మన పొత్తు నిలవడ్డది."

శనివారం సీసా ఒళ్లో పెట్టుకుని ఇచ్చోడ బస్సెక్కాను. తమ్ముడు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎప్పటిలాగే అతని ఎడమ పక్కన కుర్చీ వేసుకున్నాను. ఇన్నేళ్లుగా నేను ఎంచుకుని కూర్చునే వైపు అదే, వినపడని చెవి వైపు. గొంతు పెంచి చెప్పాను: "తమ్మీ, గివి యొర్దాను నీళ్లు కావురా. హోటల్ నల్లా నీళ్లు."

తల ఇటు తిప్పాడు. "నాకు తెల్వదా? తలుపు గుడ పెట్టకుంటనే పట్టినవ్" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "నీళ్లదేమున్నదే, మా బోరింగు నీళ్లతోటి గుడ బాప్తిస్మం అయితది. ఇన్నేండ్లకు నోరు తెరిచినవ్, నీళ్ల ముచ్చటే చెప్పినవ్. నా చెవు సంగతి ఒక్కనాడన్న అడిగినవానే?"

లేచి, కుర్చీ ఎత్తుకుని అతని కుడి పక్కకు పోయి కూర్చున్నాను. చెప్పాను. ఏ దేశంలోనూ నేర్చుకోని ఆ మాట. నా గొంతు నాకే వినపడలేదు.

"జర జోర్‌గ చెప్పన్నా. బిడ్డ గుడ ఇనాలె."

అతని కూతురు పాపను ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది. మళ్లీ చెప్పాను, ఇల్లంతా వినపడేలా. తమ్ముడు మన్నించానని అనలేదు. సీసా అందుకుని తన కుర్చీ కింద పెట్టుకున్నాడు. ఆనాడు బస్సులో నా చెయ్యి లేచి దిగడానికి రెప్పపాటు పట్టింది. ఈ మాట అతని ఎడమ పక్క నుంచి కుడి పక్కకు, రెండే అడుగులు, రావడానికి పదహారేళ్లు పట్టింది.