చప్పట్లు కొట్టిన కార్డు

మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజరుకి అది నాలుగో నాయకత్వ శిక్షణ. మొదటి మూడింటి సర్టిఫికెట్లూ ఇంట్లో బీరువా మీద, పాత ఎక్స్‌రేల కింద ఉన్నాయి. ఈసారి వెళ్ళనని మొండికేసేవాడే. పర్సనల్ మేనేజరు కూడా కూర్చుంటాడని తెలిసి వెళ్ళాడు.

సెక్షన్‌లో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడకి సోమవారం నుంచి పగటి షిఫ్టు కావాలి. భర్తకి పక్షవాతం. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు చూసుకున్న ఆడపడుచు ఇక పగలైతేనే ఉంటానంది. ఆ మేనేజరుకి దరఖాస్తు పెట్టి ఆరు వారాలైంది. ఒకప్పుడు ఈ సూపర్‌వైజరుకి అట్టపెట్టె మడవడం నేర్పింది ఆవిడే.

శిక్షణలో పొద్దున్నంతా బంతి విసురుకున్నారు. పట్టుకున్నవాళ్ళు తమ బలమేమిటో చెప్పాలి. అతను "ఓపిక" అన్నాడు.

"అది బలం కాదు గురూ, జబ్బు," అని పక్కనున్న స్టోర్స్ ఇన్‌చార్జి గొణిగాడు.

మధ్యాహ్నం శిక్షకురాలు పసుపు కార్డులు పంచింది. "పైవాళ్ళ వైపు చూడకుండా మీ అంతట మీరు తీసుకునే ఒక్క నిర్ణయం రాయండి. చిన్నదైనా సరే, నిజమైనది కావాలి."

అతను కాసేపు కలం కొరికి, 'సోమవారం నుంచి పెద్దక్కకి పగటి షిఫ్టు' అని రాశాడు. శిక్షకురాలు దాన్ని పైకి చదివి, "ఇదీ నాయకత్వమంటే!" అంది. హాలంతా చప్పట్లు. పర్సనల్ మేనేజరూ కొట్టాడు, గట్టిగానే. కార్డు గోడకెక్కింది.

టీ దగ్గర అతను మేనేజరుని పట్టుకున్నాడు. "అయితే మార్చేయనా సార్?"

"దేన్ని?"

"ఇందాక మీరు చప్పట్లు కొట్టిన షిఫ్టుని."

మేనేజరు బిస్కెట్టు టీలో ముంచాడు. "అది ఉత్త ఎక్సర్‌సైజ్ కదయ్యా! షిఫ్టుల సంగతి కమిటీ చూడాలి. వచ్చే నెల కూర్చుంటుంది. తొందరేముంది?"

"ఆవిడకి తొందర సార్."

"ఓపిక నీ బలమన్నావుగా పొద్దున?"

సాయంత్రం గోడమీది కార్డు పీక్కుని అతను ఫ్యాక్టరీకి వెళ్ళాడు. షిఫ్టుకి వచ్చిన పెద్దక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా ఆర్డరు, తమ్ముడూ?"

"కాదక్కా. దీనికి చప్పట్లు కొట్టారు."

"అయితే రాత్రిళ్ళు ఆయన మంచం పక్కన దీన్నే కూర్చోబెట్టనా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. లోపలికెళ్ళి వచ్చేవారం షిఫ్టు చార్టు ముందేసుకున్నాడు. మెమో వస్తే రానీ అనుకుని, ఆవిడ పేరు రాత్రి వరసలో కొట్టేసి పగటి వరసలో రాశాడు. ఖాళీ అయిన గడిలో ఎవరినీ అడక్కుండా రాయగలిగిన పేరు ఒక్కటే ఉంది. తనది.

అదే రాశాడు. కలం ఎంత నొక్కాడంటే, కాగితం చిరిగింది.